గట్టు దాటితే మారే రుచి: బర్గండీ ద్రాక్ష సీమ కథ

తూర్పు ఫ్రాన్స్‌లోని ఒక కొండవాలు మీద రెండు ద్రాక్ష తోటలు పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే జాతి ద్రాక్ష. రెండింటినీ సాగు చేసేది ఒకే కుటుంబం కావచ్చు. కోత ఒకే వారంలో జరుగుతుంది. రసం ఒకే నేలమాళిగలో, ఒకే రకం ఓక్ పీపాల్లో నిలవ ఉంటుంది. అయినా ఒక తోట పేరున్న సీసా ధర రెండో తోట సీసాకు పదింతలు పలకవచ్చు. ఆ రెండింటినీ వేరు చేసేది ఒక బండి పట్టేంత బాట మాత్రమే.

ఈ విచిత్రం బర్గండీలో నిత్య వ్యవహారం. ఫ్రెంచివారు బుర్గోన్ అని పిలుచుకునే ఈ సీమ ప్రపంచ ప్రసిద్ధి చెందిన వైన్లకు పుట్టినిల్లు. బోర్డో ప్రాంతంలో పెద్ద పెద్ద భవంతుల పేర్లు ప్రసిద్ధం. షాంపేన్‌లో వ్యాపార సంస్థల పేర్లు ప్రసిద్ధం. బర్గండీలో మాత్రం చేని పేరే ప్రధానం. ఆ చేను ఎవరిదన్నది తరువాతి మాట.

ఫ్రెంచి భాషలో 'క్లిమా' అంటే శీతోష్ణస్థితి. బర్గండీ రైతు నోట అదే మాటకు మరో అర్థం ఉంది. హద్దులు, పేరు, చరిత్ర ఉన్న ఒక ద్రాక్ష చేనును అక్కడ క్లిమా అంటారు. ఎంతోకాలంగా ఈ రెండు అర్థాలూ ఒకదాని నీడలో మరొకటి ఇమిడి ఉన్నాయి. ఇప్పుడు మొదటి అర్థంలోని క్లిమా వేగంగా మారుతోంది. అందువల్ల రెండో అర్థంలోని క్లిమా భవితవ్యం ప్రశ్నార్థకమైంది. బర్గండీ వైన్లను తెలుసుకోవడమంటే ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడమే.

వాలు, నేల, ఎండ

బర్గండీ ద్రాక్ష సీమ ఉత్తరాన షాబ్లీ నుంచి దక్షిణాన మాకోన్ పరిసరాల వరకు విస్తరించి ఉంది. దాని గుండెకాయ వంటిది కోత్ దోర్. దిజోన్ నగరానికి దిగువన మొదలై, బోన్ పట్టణం మీదుగా దక్షిణానికి సాగే సన్నని కొండవాలు ఇది. పొడవు సుమారు 50 కిలోమీటర్లు. వెడల్పు కొన్నిచోట్ల కొన్ని వందల మీటర్లకు మించదు. ఉత్తర భాగాన్ని కోత్ ద న్యూయి అనీ, దక్షిణ భాగాన్ని కోత్ ద బోన్ అనీ పిలుస్తారు.

ఈ వాలు తూర్పు ముఖంగా ఉంటుంది. ఉదయపు ఎండ నేరుగా పడి, రాత్రి చలికి బిగిసిన నేలను త్వరగా వేడెక్కిస్తుంది. కొండ నెత్తిన మట్టి పలచన, గాలి చల్లన. దిగువ మైదానంలో మట్టి లోతుగా, తడిగా ఉంటుంది. అక్కడ తీగ ఏపుగా పెరుగుతుంది గాని, పండులో రుచి పలచబడుతుంది. నడిమి వాలులో నీరు నిలవదు, ఎండ చాలినంత ఉంటుంది, మట్టి మరీ సారవంతం కాదు. తీగ కొంత కష్టపడి వేళ్లను లోతుకు పంపుతుంది. ఉత్తమమైన తోటలన్నీ దాదాపుగా ఈ నడిమి పట్టీలోనే ఉండటానికి కారణం ఇదే.

నేల చరిత్ర మరీ పాతది. జురాసిక్ యుగంలో ఈ ప్రాంతం వెచ్చని, లోతు తక్కువైన సముద్రం కింద ఉండేది. ఆనాటి జలచరాల గుల్లలు పేరుకొని సున్నపురాయిగా, సున్నం కలిసిన బంకమట్టిగా మారాయి. తరువాతి కాలంలో భూమి పొరలు విరిగి, జరిగి, ఒకదాని పక్కన మరొకటి పైకి తేలాయి. అందుకే అక్కడ పది అడుగులు వేస్తే మట్టి రంగు మారవచ్చు, రాతి పాలు మారవచ్చు.

రెండే ద్రాక్షలు

మట్టిలోని తేడా రుచిలో తెలియాలంటే మిగిలినవన్నీ సమానంగా ఉండాలి. బర్గండీలో ఆ పని చరిత్రే చేసింది. ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్ల వైన్‌కు షార్డొనే. పేరున్న వైన్లన్నీ దాదాపుగా ఈ రెండు ద్రాక్షలవే. వేర్వేరు జాతుల రసాలను కలిపి వైన్ తయారు చేసే బోర్డో పద్ధతి ఇక్కడ లేదు.

పినో న్వార్ నాజూకైన ద్రాక్ష. తొక్క పలచన, గుత్తి చిన్నది. త్వరగా పండుతుంది, త్వరగా చెడుతుంది. చలికి ఓర్చదు, తెగుళ్లకు లొంగుతుంది. కానీ తాను పెరిగిన నేల గుణాన్ని దాచుకోకుండా చెబుతుందని సాగుదారుల నమ్మకం. షార్డొనే అంతకన్నా గట్టిది. 1990ల చివర జరిగిన జన్యు పరీక్షల్లో దీని పుట్టుక తేలింది. పినో జాతి, గూయే బ్లాన్ అనే పాత నాటు ద్రాక్ష సహజంగా సంకరమై షార్డొనే ఏర్పడింది. ప్రభువుల ద్రాక్షకూ పేద రైతుల ద్రాక్షకూ పుట్టిన బిడ్డ నేడు దేశదేశాల్లో సాగవుతోంది.

పినోకు దక్కిన ఈ ఏకాధిపత్యం వెనుక ఒక రాజాజ్ఞ ఉంది. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ గామే అనే ద్రాక్షను నిషేధించాడు. గామే విరగకాస్తుంది, తక్కువ శ్రమతో ఎక్కువ దిగుబడి ఇస్తుంది. కరవులతో, మహమ్మారితో కుంగిన రైతుకు అది ఆసరా. డ్యూక్ దృష్టిలో మాత్రం అది తన సీమ పేరును చెడగొట్టే నమ్మకద్రోహి మొక్క. దాన్ని పీకివేయాలని ఆయన ఆదేశించాడు. ఆజ్ఞ పూర్తిగా అమలు కాలేదు. అయినా 'దిగుబడి కన్నా నాణ్యత' అనే సూత్రం అప్పటి నుంచే ఈ సీమ పాలనలో భాగమైంది. గామే తరువాతి కాలంలో దక్షిణాన ఉన్న బోజోలే కొండల్లో స్థిరపడింది.

తయారీ పద్ధతిలో ఎర్ర, తెల్ల వైన్లకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎర్ర వైన్‌కు పండ్లను తొక్కలతో సహా పులియబెడతారు. రంగు, వగరు తొక్కల నుంచే వస్తాయి. తెల్ల వైన్‌కు ముందుగా పండ్లను పిండి, రసాన్ని మాత్రమే పులియబెడతారు. ఆ తరువాత మేలు రకాలను 228 లీటర్లు పట్టే ఓక్ పీపాల్లో నెలల తరబడి నిలవ ఉంచుతారు.

సన్యాసుల పరిశీలన

ఏ చేని వైన్ ఎలా ఉంటుందో మొదటగా ఓపికతో గమనించినవారు క్రైస్తవ సన్యాసులు. 1098లో దిజోన్‌కు దక్షిణాన సీతో అనే చోట ఒక మఠం వెలిసింది. శారీరక శ్రమను సాధనలో భాగంగా భావించిన ఆ సన్యాసులకు దాతలు కొండవాలు భూములను దానంగా ఇచ్చారు. తరతరాలుగా ఒకే నేలను దున్నుతూ, ఒకే కొట్టంలో వైన్ తీస్తూ వచ్చినందువల్ల చేనుకూ చేనుకూ మధ్య తేడాలు వారికి అనుభవంలోకి వచ్చాయి. వ్యక్తి జీవితకాలానికి అందని పరిశీలన, సంస్థ జీవితకాలానికి అందింది.

వారు కూడబెట్టిన తోటల్లో ప్రసిద్ధమైనది క్లో ద వూజో. 'క్లో' అంటే ప్రహరీ ఉన్న తోట. 14వ శతాబ్దానికి దాని చుట్టూ రాతిగోడ పూర్తయింది. సుమారు 50 హెక్టార్ల ఆ తోట, గోడ, మధ్యలోని భవనం నేటికీ నిలిచి ఉన్నాయి.

సన్యాసుల తరువాత డ్యూకులు, వర్తకులు, రైతులు ఈ పరిశీలనను కొనసాగించారు. ఒక్కొక్క చేనుకు ఒక్కొక్క పేరు నిలిచింది. కొన్ని పేర్లు రాళ్లను బట్టి, కొన్ని చెట్లను బట్టి, మరికొన్ని పాత యజమానులను బట్టి వచ్చాయి. తెలుగు పల్లెల్లోనూ సర్వే నంబరుతో పాటు ప్రతి చేనుకూ ఒక పిలుపు పేరు ఉండటం తెలిసిందే. బర్గండీలో ఆ పిలుపు పేరే చట్టబద్ధమై, సీసా మీదికి ఎక్కింది. కోత్ దోర్ వాలులోని 1,247 క్లిమాలను, దిజోన్, బోన్ పట్టణాల చారిత్రక భాగాలతో పాటు యునెస్కో 2015 జులైలో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

చేని పేరుకు ఎంత విలువ అంటే, ఊళ్లే వాటి పేర్లను తగిలించుకున్నాయి. జెవ్రే అనే గ్రామం 1847లో తన ప్రసిద్ధ తోట షాంబెర్తాన్ పేరును కలుపుకొని జెవ్రే-షాంబెర్తాన్ అయింది. వోన్ గ్రామం వోన్-రొమానే అయింది. పులిన్యీ గ్రామం పులిన్యీ-మోంరాషే అయింది.

ముక్కలైన చేలు

1789 ఫ్రెంచి విప్లవం మఠాల ఆస్తులను స్వాధీనం చేసుకొని, జాతి సంపదగా ప్రకటించి, వేలం వేసింది. తోటలు పట్టణ సంపన్నుల చేతుల్లోకి వెళ్లాయి. ఆ వెంటనే 1804లో నెపోలియన్ పౌరస్మృతి వచ్చింది. తండ్రి ఆస్తిలో సంతానమందరికీ సమాన భాగం ఉండాలన్న సూత్రాన్ని అది స్థిరపరచింది.

దాని ఫలితం భాగపంపకాలు తెలిసిన సమాజానికి వివరించనక్కరలేదు. ప్రతి తరానికీ చేను చీలుతూ వచ్చింది. ఒక్కొక్క వారసుడికి నాలుగు ఊళ్లలో నాలుగు వరసల తీగలు దక్కాయి. విప్లవం తరువాత కూడా ఒకే యజమాని చేతిలో నిలిచిన క్లో ద వూజో 1889లో పలువురికి అమ్ముడుపోయింది. నేడు ఆ గోడ లోపల సుమారు 80 మంది యజమానులు ఉన్నారు. అందరి సీసాల మీదా 'క్లో ద వూజో' అనే ఉంటుంది. గోడలోపలి పైవాలు యజమాని వైన్, రోడ్డు పక్క పల్లపు భాగం యజమాని వైన్ ఒకటి కావు. అయినా చట్టం దృష్టిలో రెండింటి హోదా ఒకటే.

అందువల్ల బర్గండీలో చేని పేరు తెలిస్తే సగమే తెలిసినట్టు. ఆ చేనులో ఎవరి భాగం, వారి చేతి పని ఎటువంటిది అన్నది మిగిలిన సగం. మొత్తం చేను ఒకే యజమాని అధీనంలో ఉండటం అరుదు. దాన్ని 'మోనోపోల్' అంటారు. 1.8 హెక్టార్ల రొమానే-కోంతి తోట అందుకు మేటి ఉదాహరణ. 1760లో దాన్ని కొన్న కోంతి యువరాజు పేరే దానికి స్థిరపడింది. ఆ తోటలో 1945లో తయారైన ఒక సీసా 2018 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లకు అమ్ముడైంది.

సీసా మీది పేరు చదవడం ఎలా

ఈ చిక్కును విప్పడానికి నాలుగు మెట్ల వర్గీకరణ ఉంది. అట్టడుగున ప్రాంతీయ వైన్లు. వాటి మీద 'బుర్గోన్' అనే విశాలమైన పేరు ఉంటుంది. ద్రాక్ష ఆ సీమలో ఎక్కడిదైనా కావచ్చు. మొత్తం ఉత్పత్తిలో దాదాపు సగం వీటిదే.

రెండో మెట్టు గ్రామ వైన్లు. మెర్సో, పోమార్, వోల్నే వంటి ఊరి పేరు సీసా మీద ఉంటుంది. మూడో మెట్టు ప్రమియే క్రూ, అంటే మొదటి తరగతి. ఊరి పేరుతో పాటు చేని పేరు కూడా ఉంటుంది. ఇటువంటి చేలు 600కు పైగా ఉన్నాయి. అన్నిటికన్నా పైమెట్టు గ్రాన్ క్రూ, అంటే మహా తరగతి. ఇవి 33 మాత్రమే. వీటి సీసాల మీద ఊరి పేరు ఉండదు, చేని పేరు ఒక్కటే ఉంటుంది. మొత్తం ఉత్పత్తిలో వీటి వాటా సుమారు 1 శాతం.

ఇక్కడ కొత్తవారు తరచు పొరబడే విషయం ఒకటుంది. 'షాంబెర్తాన్' అంటే మహా తరగతి చేను. 'జెవ్రే-షాంబెర్తాన్' అంటే ఆ చేని పేరు తగిలించుకున్న ఊరు. మొదటిది నాలుగో మెట్టు, రెండోది రెండో మెట్టు. ఒక్క మాట అదనంగా చేరితే విలువ పెరగలేదు, తగ్గింది. పేరు ఎంత చిన్నదైతే చేను అంత గొప్పదన్నది బర్గండీలో మోటు లెక్క.

ధర్మాసుపత్రి వేలం

బోన్ పట్టణం నడిబొడ్డున రంగురంగుల పెంకులతో కప్పిన ఒక పాత ఆసుపత్రి ఉంది. శతవర్ష యుద్ధం మిగిల్చిన పేదరికాన్ని చూసి, 1443లో డ్యూక్ మంత్రి నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ ద సాలాన్ పేదల కోసం దాన్ని స్థాపించారు. కాలక్రమంలో దాతలు తోటలను ఆసుపత్రికి రాసి ఇచ్చారు. నేడు దానికి సుమారు 60 హెక్టార్ల ద్రాక్ష భూమి ఉంది. గుడి మాన్యం వంటి ఏర్పాటు ఇది.

ఆ తోటల్లో తయారైన కొత్త వైన్‌ను 1859 నుంచి వేలం వేస్తున్నారు. ఏటా నవంబరు మూడో ఆదివారం జరిగే ఈ వేలంలో సీసాలు ఉండవు. పీపాలనే పాడుకుంటారు. ఆదాయం ఆసుపత్రి నిర్వహణకు, వైద్య పరికరాలకు, పాత కట్టడాల పరిరక్షణకు వెళుతుంది. ఆ ఏడాది బర్గండీ ధరలు ఏ దిశలో సాగుతాయో చెప్పే తొలి సూచికగా వ్యాపారులు ఈ వేలాన్ని గమనిస్తారు.

పురుగు, నకిలీ, చట్టం

19వ శతాబ్దపు చివరి దశకాల్లో ఈ సీమ దాదాపు తుడిచిపెట్టుకు పోయింది. అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే సూక్ష్మ కీటకం ద్రాక్ష వేళ్లను తొలిచివేసింది. ఐరోపా తీగకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. చివరికి పరిష్కారం కూడా అమెరికా నుంచే దొరికింది. ఆ కీటకానికి అలవాటుపడిన అమెరికా ద్రాక్ష వేరు మీద ఐరోపా కొమ్మను అంటుకట్టారు. నేడు బర్గండీ తోటలన్నీ దాదాపుగా ఇటువంటి అంటు మొక్కలే. రొమానే-కోంతి తోటలో మందులతో కాపాడుకుంటూ వచ్చిన పాత సొంత వేళ్ల తీగలను కూడా 1945 కోత తరువాత తీసివేయక తప్పలేదు. అందుకే ఆ సంవత్సరపు సీసాకు అంత గిరాకీ.

దిగుబడి పడిపోవడంతో నకిలీలు పెరిగాయి. వేరేచోట తీసిన చౌక వైన్‌కు బర్గండీ పేరు తగిలించి అమ్మేవారు. నిజాయతీగల సాగుదారులు కోర్టులకెక్కారు. ఎన్నో వివాదాల తరువాత 1935 జులైలో ఫ్రాన్స్ ఒక సమగ్ర శాసనం తెచ్చింది. ఏ పేరు ఏ హద్దుల్లోని భూమికి చెందుతుంది, అక్కడ ఏ ద్రాక్ష వేయాలి, దిగుబడి ఎంత మించకూడదు అన్నవి అందులో చట్ట నియమాలయ్యాయి. సన్యాసుల అనుభవం శాసనంగా మారింది.

ఈ ఆలోచన భారతదేశానికి దూరమైనది కాదు. ఉత్పత్తి పేరును అది పుట్టిన నేలకు ముడిపెట్టే సూత్రం 1995లో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో భౌగోళిక గుర్తింపుగా చోటు చేసుకుంది. భారత్ 1999లో అందుకు చట్టం చేసింది. 2004లో డార్జిలింగ్ తేయాకు తొలి గుర్తింపు పొందింది. బనగానపల్లె మామిడికి 2017లో ఆ గుర్తింపు దక్కింది. అయితే ఆ అంతర్జాతీయ ఒప్పందం వైన్లకు, మద్యాలకు మిగిలిన వస్తువుల కన్నా గట్టి రక్షణ కల్పించింది. అదే స్థాయి రక్షణను ఇతర ఉత్పత్తులకూ విస్తరించాలని భారత్ సహా పలు దేశాలు కోరుతూ వచ్చాయి.

664 ఏళ్ల కోత లెక్క

పాతకాలంలో ఎవరికి తోచినప్పుడు వారు ద్రాక్ష కోయడానికి వీలుండేది కాదు. కాయ పక్వాన్ని పరిశీలించి, పట్టణ పెద్దలు కోత తేదీని ప్రకటించేవారు. ఆ ప్రకటనలు, కోత కూలీలకు ఇచ్చిన వేతనాల పద్దులు, తరువాతి కాలపు పత్రికా వార్తలు బోన్‌లో భద్రంగా మిగిలాయి.

వాటిని సంవత్సరాల వారీగా పేర్చి, చరిత్రకారుడు తోమా లాబే బృందం 2019లో ఒక అధ్యయనం ప్రచురించింది. 1354 నుంచి 2018 వరకు బోన్ కోత తేదీల వరుస అది. వసంతం, వేసవి వెచ్చగా ఉంటే కాయ త్వరగా పండుతుంది, కోత ముందుకు జరుగుతుంది. కనుక ఉష్ణమాపకం లేని కాలానికి కోత తేదీయే ఉష్ణమాపకం.

ఆ లెక్క చెప్పిన విషయం స్పష్టంగా ఉంది. 1987 వరకు కోత సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 నుంచి అది సగటున 13 రోజులు ముందుకు జరిగింది. పాత శతాబ్దాల్లోనూ మండు వేసవులు ఉన్నాయి. కానీ అవి అప్పుడప్పుడు వచ్చిపోయిన మినహాయింపులు. 664 ఏళ్లలో అత్యంత ముందుగా కోత జరిగిన 33 సంవత్సరాలను ఆ పరిశోధకులు గుర్తించారు. 1720 నుంచి 2002 వరకు దాదాపు మూడు వందల ఏళ్లలో అటువంటివి 5 మాత్రమే. 2003 నుంచి 2018 వరకు 16 ఏళ్లలోనే 8 ఉన్నాయి. మినహాయింపు ఇప్పుడు ఆనవాయితీ అవుతోంది.

తొలిరోజుల్లో ఈ వేడి మేలే చేసింది. ఉత్తరాన ఉన్న ఈ చల్లని సీమలో కాయ సరిగా పండక, పులియబెట్టేటప్పుడు చక్కెర కలపాల్సి వచ్చిన ఏళ్లు ఎన్నో. ఆ అవసరం తగ్గింది. కానీ మేలు ఒక హద్దు దాటితే కీడు. కాయలో చక్కెర త్వరగా పెరిగితే వైన్‌లో ఆల్కహాలు శాతం పెరుగుతుంది, వైన్‌ను నిలబెట్టే పులుపు తగ్గుతుంది. పలచని తొక్కల పినో కాయలు గుత్తి మీదే ఎండిపోతాయి.

వేడి పెరిగితే చలి బాధ తగ్గాలి. ఇక్కడ జరుగుతున్నది అందుకు విరుద్ధం. శీతకాలం చివర వెచ్చబడితే తీగ ముందే చిగురిస్తుంది. ఆ తరువాత ఏప్రిల్‌లో గడ్డకట్టే చలి రాత్రి ఒక్కటి వచ్చినా లేత చిగుళ్లు మాడిపోతాయి. 2021 ఏప్రిల్‌లో అదే జరిగింది. వరుసల మధ్య వేలాది మైనపు దివ్వెలు వెలిగించి, రాత్రంతా కాపలా కాసినా సాగుదారులు పంటను పూర్తిగా కాపాడుకోలేకపోయారు. త్వరగా చిగురించే షార్డొనేకు ఎక్కువ నష్టం వాటిల్లింది. ఆ ఏడాది బర్గండీ దిగుబడి ఘోరంగా పడిపోయింది.

పటం మారుతుందా

ఏ చేను గొప్పది, ఏది సామాన్యమైనది అన్న పటం ఒకనాటి శీతోష్ణస్థితిని నమ్ముకొని తయారైంది. నడిమి వాలు శ్రేష్ఠమైంది అక్కడ కాయ తప్పకుండా పండుతుంది కనుక. పైవాలు, వెనుక కొండల చేలు తక్కువ తరగతిలో పడ్డాయి అక్కడ కాయ పండేది కాదు కనుక. ఇప్పుడు ఆ పైచేలలో కాయ హాయిగా పండుతోంది. ఒకప్పుడు చలి వల్ల చిన్నచూపు చూసిన సేన్-రోమాన్ వంటి ఎత్తైన గ్రామాలకు, ఓత్-కోత్ కొండలకు ఆదరణ పెరుగుతోంది. అదే సమయంలో మేటి చేలు కొన్ని ఏళ్లలో వేడికి అల్లాడుతున్నాయి.

సాగుదారులు పాత పద్ధతులను ఒక్కొక్కటే మార్చుకుంటున్నారు. ఎండ నుంచి నీడ దొరికేలా ఆకులను తక్కువగా తుంచుతున్నారు. చిగురింపు ఆలస్యమయ్యేలా కొమ్మ కత్తిరింపులను వెనక్కి జరుపుతున్నారు. వానలేమిని తట్టుకునే వేరు రకాలను, నెమ్మదిగా పండే పినో తీగలను వెతుకుతున్నారు. తెల్లవారుజామునే కోత మొదలు పెడుతున్నారు. పులుపు నిలుపుకునే ఆలిగొతే అనే పాత స్థానిక ద్రాక్షకు మళ్లీ గౌరవం దక్కుతోంది.

అయితే వీరి చేతులు కొంతవరకు కట్టివేసి ఉన్నాయి. నకిలీల నుంచి రక్షించిన చట్టమే ఇప్పుడు మార్పును నెమ్మదింపజేస్తోంది. ఏ ద్రాక్ష వేయాలో చట్టం చెబుతుంది. నీటి తడుల మీద కఠినమైన ఆంక్షలున్నాయి. బోర్డో ప్రాంతంలో వేడిని తట్టుకునే కొన్ని కొత్త జాతులను 2021లో పరిమితంగా అనుమతించారు. కలిపి తయారు చేసే సంప్రదాయం ఉన్నచోట అది సులువు. ఒక్క ద్రాక్షతోనే చేని గుణాన్ని చెప్పే బర్గండీలో ద్రాక్షను మార్చడమంటే మాట్లాడే భాషనే మార్చడం.

భూమి బరువు

మరో ఒత్తిడి ఆకాశం నుంచి కాదు, సంత నుంచి వస్తోంది. మహా తరగతి చేలలో హెక్టారు సగటు ధర 60 లక్షల యూరోలు దాటింది. దున్నుకొని బతికే కుటుంబానికి ఈ ధర వరమూ శాపమూ. తండ్రి మరణించినప్పుడు వారసత్వ పన్నును భూమి విలువను బట్టి లెక్కిస్తారు. వ్యవసాయ భూములకు కొన్ని రాయితీలున్నా, ఫ్రాన్స్‌లో సంతానానికి ఆ పన్ను పై అంచెలో 45 శాతం దాకా ఉంటుంది. తోబుట్టువుల్లో ఒకరు సాగు కొనసాగించాలంటే మిగిలినవారి భాగాలను నేటి ధరకు కొనాలి. వైన్ అమ్మి వచ్చే ఆదాయంతో అది సాధ్యం కాని కుటుంబాలు తోటలను వదులుకుంటున్నాయి.

కొనేవారు ఎవరు? 2014లో క్లో దే లాంబ్రే తోటలు ఎల్‌వీఎంహెచ్ అనే విలాస వస్తువుల సంస్థకు చేరాయి. 1141 నుంచి ముగ్గురు యజమానుల చేతుల్లోనే ఉన్న క్లో ద తార్ తోట కూడా 2017లో సంపన్న వ్యాపార కుటుంబానికి చెందిన పెట్టుబడి సంస్థ పరమైంది. నెపోలియన్ చట్టం ముక్కలు చేసిన భూమిని పెట్టుబడి మళ్లీ కూడగడుతోంది.

ఇంకోవైపు ఫ్రాన్స్‌లోనే వైన్ తాగడం తగ్గింది. 1960లలో ఏటా తలసరి 100 లీటర్లు మించిన వినియోగం నేడు అందులో సగం కూడా లేదు. మద్యం ఏ మోతాదులోనూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మద్యం ప్రకటనలపై ఫ్రాన్స్ 1991లోనే కఠిన చట్టం చేసింది. భారత్‌లో దిగుమతి వైన్ల మీద ఏళ్ల తరబడి ఉన్న 150 శాతం సుంకం ఐరోపా సమాఖ్యతో జరిగిన వాణిజ్య చర్చల్లో చిక్కు ప్రశ్నగా నిలిచింది. ఆ కారణంగా బర్గండీ మేలు వైన్లు ఇక్కడ కొద్దిమందికే అందాయి.

అయినా ఈ సీమ కథ తాగేవారికి మాత్రమే సంబంధించినది కాదు. నేలను తరతరాలుగా గమనించి, పేరు పెట్టి, హద్దు గీసి, ఆ పేరునే జీవనాధారం చేసుకున్న సాగుదారుల కథ ఇది. డార్జిలింగ్ వాలులో తేయాకు కోసేవారికీ, బనగానపల్లె తోటల్లో మామిడి పూత నిలుస్తుందా లేదా అని ఎదురుచూసేవారికీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. పేరు నేలకు కట్టుబడి ఉంటుంది. ఎండ, వాన ఏ పేరుకూ కట్టుబడవు.

బోన్ పట్టణపు కోత లెక్క 2018తో ముగియలేదు. 2020లో మళ్లీ ఆగస్టులోనే కోత మొదలైంది. ఏటా ఒక తేదీ ఆ వరుసలో చేరుతూనే ఉంది. సన్యాసుల కాలం నుంచి వచ్చిన పటాన్ని యథాతథంగా నిలుపుకోవాలా, వారిలాగే మళ్లీ మొదటి నుంచి చేలను పరిశీలించి కొత్త పటం గీసుకోవాలా అన్నది రానున్న కోతలు తేల్చవలసిన విషయం.